నా పేరున ఒక కంపెనీ

"పక్కకి జరుగమ్మా, నీ కార్డు ఆగిపోయింది," అన్నాడు ఆసుపత్రి మందుల కిటికీలో అతను.

ఆగిపోవడానికి అదేమన్నా గడియారమా అని అడిగాను. నా నోరు అలాంటిది. భయం వేస్తే ముందు వెటకారమే బయటికొస్తుంది. అతను విసుక్కోకుండా కంప్యూటర్ తెరని నా వైపు తిప్పాడు. నా కార్డు నంబరు పక్కన ఎర్ర అక్షరాలున్నాయి. అవి చదివేలోపే వెనకున్న ముసలాయన చేతికర్రతో నా మడమ మీద పొడిచాడు. మూడు గంటలు నిలబడ్డ క్యూలోంచి మూడు క్షణాల్లో బయటపడ్డాను.

ఇంట్లో రేకు డబ్బాలో, ఆ రోజువి పోగా, ఇరవై రెండు మాత్రలున్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సరిగ్గా పదకొండు రోజులకి వస్తాయి.

మాత్రలు నాకు కాదు, నా ఆడపడుచుకి. మా ఆయన ఆరేళ్ల కిందట పోయాడు. పోతూ నాకు మిగిల్చినవి రెండు, ఒక పాత కుట్టుమిషను, ఒక చెల్లెలు. మిషను ఆ ఏడే అమ్మేశాను. చెల్లెల్ని ఉంచుకున్నాను. జాలిపడి అనుకోకండి, ఆ పిల్ల లేకపోతే నాతో పోట్లాడే మనిషి ఉండదు. దానికి మూర్ఛ. మూడేళ్ల కిందట రెండ్రోజులు మాత్రలు దొరక్క పొయ్యి దగ్గర పడిపోయింది. ఎడమచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఇప్పటికీ ముడుచుకుపోయి ఉంటుంది. ఆ తరవాతే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి పేదల కార్డు తెచ్చుకున్నాను. ఆ కార్డు మీద మాత్రలు ఉచితం, నెలనెలా దాని పేరున కొంత భత్యం కూడా. మూడేళ్లుగా ఆ పిల్ల ఒక్కసారి కూడా మూర్ఛొచ్చి పడిపోలేదు. అవే మాత్రలు బయట కొనాలంటే నా కూలిలో సగానికి పైగా వాటికే పోతుంది. మిగతా సగం ఇంటి అద్దె. ఇంక తినడం ఒక్కటే మానుకోవాలి.

మర్నాడు నేను పనిచేసే కుట్టు షెడ్డుకి సెలవు పెట్టి సంక్షేమ ఆఫీసుకి వెళ్లాను. గోడ మీద పెద్ద బొమ్మ, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన నీలం చొక్కాలు వేసుకుని నవ్వుతున్న బడిపిల్లలది. ఆ చొక్కాల కాజాలు నేను తీసినవే. చొక్కా గుండీ దూరే రంధ్రాన్ని కాజా అంటారు. ఆ పనిలో పధ్నాలుగేళ్లుగా ఉన్నాను, అందుకే షెడ్డులో అందరికీ నేను కాజా అక్కని. నా చేతి కాజా ఎక్కడున్నా గుర్తుపడతాను, చివర్న ఒక కుట్టు ఎక్కువుంటుంది.

బల్ల దగ్గర కళ్లద్దాలావిడ కార్డు నంబరు కొట్టి, కాసేపు చదివి, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"మీరు వ్యాపారస్తులని ఉందమ్మా ఇక్కడ."

"ఎవరు?"

"మీరే. రెడీమేడ్ బట్టల తయారీ. పోయినేడాది అమ్మకాలు..." అంటూ ఒక అంకె చెప్పింది. అంత పెద్ద అంకె నేను బడిలో కూడా రాయలేదు.

"నన్ను చూస్తుంటే అలా కనిపిస్తున్నానా మేడమ్?"

"కనిపించడంతో నాకు పని లేదమ్మా. పన్నుల ఆఫీసు జాబితా, మా జాబితా కలుపుతున్నారు. ఒక్కో పేటా కలుపుకుంటూ వస్తున్నారు, మీ పేట ఈ నెల. పన్ను ఖాతా ఉన్న ఇంటికి సాయం ఆపమని రూలు. ఉన్నవాళ్లు తినేస్తున్నారని కదా పెట్టింది."

"సబ్బు కొన్నా, దారం కొన్నా నేను పన్ను కడుతూనే ఉన్నాను కదండీ. ఇన్నాళ్లూ ఎవరూ నన్ను వ్యాపారస్తురాలు అనలేదే?"

"అది అందరూ కట్టేదేనమ్మా. అది లెక్కలోకి రాదు," అంది. ఎగతాళిగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. అందుకే ఇంకా మండింది.

కానీ ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ఆ కంపెనీ ఏమిటో నాకు తెలుసు.

రెండేళ్ల కిందటి మాట. షెడ్డు యజమానిని మేమంతా అన్న అంటాం. ఒకప్పుడు మాలాగే కటింగ్ బల్ల దగ్గర నిలబడి పైకొచ్చిన మనిషి. మా ఆయన పోయినప్పుడు శ్మశానం ఖర్చులన్నీ తనే పెట్టుకుని, తిరిగి అడగలేదు. ఆ అన్న ఒకరోజు నన్నూ, ఇస్త్రీ చేసే పెద్దమ్మనీ లోపలికి పిలిచాడు. అమ్మకాలు ఒక గీత దాటితే పెద్దవాళ్ల లెక్కన పన్ను పడుతుందట. గీతకి ఇవతల ఉంటే నామమాత్రం. అందుకని ఒక షెడ్డుని నాలుగు కంపెనీలుగా రాస్తే నాలుగూ గీతకి ఇవతలే ఉంటాయి. ఒకటి అన్న పేరున, ఒకటి ఆయన బామ్మర్ది పేరున, మిగిలిన రెండూ మా పేర్లున. పైగా బడి చొక్కాల ఆర్డర్లలో కొంత వాటా ఆడవాళ్ల చిన్న కంపెనీలకే ఇస్తారట.

"నమ్మకమైనవాళ్లు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను," అన్నాడు.

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను. ఇక్కడ అబద్ధం చెప్పుకోను. పన్నెండుమంది ఆడవాళ్లలో నన్ను ఎంచుకున్నాడని నా కాళ్లు నేల మీద ఆనలేదు. పెద్దమ్మ మాత్రం, "నాకెందుకే ఈ కాగితాలు?" అని నసిగింది. ఆమె బొటనవేలు నేనే పట్టుకుని సిరా మీద అద్దించాను. "వెయ్యి పెద్దమ్మా, అన్న పరాయివాడా?" అన్నాను. ఆ తరవాత నా పేరు అచ్చేసిన బిల్లు ఒకటి అడిగి మరీ తీసుకున్నాను. కంపెనీ పేరు కింద యజమాని అని నా పేరు. దాన్ని మడిచి మాత్రల డబ్బాలో అడుగున పెట్టుకున్నాను. అప్పుడప్పుడూ తీసి చూసుకునేదాన్ని కూడా. సిగ్గు లేకపోతే సరి.

"ఇది నాది కాదని రాసిస్తే?" అని కళ్లద్దాలావిడని అడిగాను.

"రాయచ్చు. పదిహేను రోజుల్లోపు ఇవ్వాలి. కానీ మీది కాదన్నప్పుడు ఎవరిదో కూడా రాయాలి. మావాళ్లు తనిఖీకి వస్తారు," అని ఒక ఫారం ఇచ్చింది. ఫారం మడిచి సంచీలో పెట్టుకుని నేరుగా షెడ్డుకి నడిచాను.

అన్న మిషన్ల మధ్య నిలబడి కట్టలు లెక్కపెడుతున్నాడు. మొత్తం విన్నాడు. మొహం మాడ్చుకోలేదు, నిజంగానే బాధపడ్డాడు.

"ఇలా ముడిపెడతారని నాకేం తెలుసు? చూడు, మూడు వారాల్లో బడి చొక్కాలు అప్పజెప్పాలి. ఆర్డరు నీ కంపెనీ పేరు మీదే ఉంది. ఇప్పుడు తనిఖీ అంటే ఆర్డరు పోతుంది, షెడ్డు మూతపడుతుంది. పన్నెండు ఇళ్లు. సరుకు అప్పజెప్పగానే నీ పేరు తీయించేస్తాను."

"అప్పటిదాకా మాత్రలు?"

"నేను కొనిస్తాను. ఆ పిల్ల నాకు చెల్లెలు కాదా? నువ్వు మాత్రం నోరు విప్పకు."

నోరు విప్పలేదు. ఓవర్‌లాక్ మిషను మీద గుడ్డ అంచులు కుట్టే ఆమె, మేమందరం ఆమెని ఓవర్‌లాక్ అనే పిలుస్తాం, "ఏంటే అన్నతో మంతనాలు?" అని అడిగితే, జీతం పెంచమన్నానని చెప్పాను. "నీకొక్కదానికేనా?" అని ఆమె రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో రోజు అడిగితే అన్న "సాయంత్రం" అన్నాడు. మూడో రోజు గుడ్డ తక్కువొచ్చిందని మిల్లుకి పరుగెత్తాడు. నాలుగో రోజు "రేపు తప్పకుండా" అన్నాడు. మోసం చెయ్యాలని కాదు, ఆయన తలమీద వెయ్యి పనులు. కానీ వెయ్యి పనుల్లో నా పని ఎన్నోది అని నాకు అనిపించడం మొదలైంది. రోజూ అడగడానికి మొహం చెల్లేది కాదు, అడక్కపోతే ప్రాణం ఊరుకునేది కాదు. అన్న బండి చప్పుడు వినిపిస్తే చాలు, కాజా వంకర పోయేది. పధ్నాలుగేళ్లలో మొదటిసారి ఏడు చొక్కాలు తిప్పి కొట్టారు నా మొహాన.

ఇంట్లో ఆడపడుచుకి ఏమీ చెప్పలేదు. అది ఇంటి దగ్గరే కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతుంది. నేను షెడ్డులో రంధ్రం చేస్తాను, అది ఇంట్లో గుండీ కుడుతుంది. రంధ్రం నీది, గుండీ నాది, ఎవరిది గొప్ప అని మా పోట్లాట.

"మాత్రలు తెచ్చావా వదినా?" అని రెండుసార్లు అడిగింది.

"కిటికీ దగ్గర జనం ఎక్కువున్నారే, వచ్చే వారం తెస్తాను."

"అలాగే." ప్రతిదానికీ తిరగేసి మాట్లాడే పిల్ల అలాగే అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

ఏడో రోజు పొద్దున డబ్బా తీసి మాత్రలు లెక్కపెట్టాను. పది ఉండాలి. పధ్నాలుగు ఉన్నాయి. మొదట సంతోషం వేసింది. ముందు నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను, రెండ్రోజులు కలిసొచ్చాయి అనుకున్నాను. చెప్పడానికి ఇప్పటికీ నా ఒళ్లు కంపరమెత్తుతుంది కానీ, ముందు సంతోషమే వేసింది. ఆ తరవాత వెనక్కి తిరిగి చూస్తే అది గుమ్మంలో నిలబడి ఉంది, తల వంచుకుని.

"ఎన్నాళ్ల నుంచి?"

"సాయంత్రాలవి మానేశాను వదినా. నాలుగు రోజులే. నీ సంచీలో ఫారం చూశాను." గొంతు చిన్నదైపోయింది. "బాగానే ఉన్నాను కదా, ఏం కాలేదు కదా."

కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక దాని జుట్టు సర్దాను. నా ఎదురుగానే మాత్ర మింగించి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూశాను. ఒంటరిగా వదలబుద్ధి కాక, గుండీలు కుట్టిన చొక్కాల మూట దాని చేతికిచ్చి నాతోపాటు షెడ్డుకి తీసుకెళ్లాను.

మధ్యాహ్నం కాకుండానే పడింది. మూట అప్పజెప్పి ఇస్త్రీ బల్ల వైపు నడుస్తోంది. ఒక్కసారి ఆగి, ఎవరో పిలిచినట్టు తల పక్కకి తిప్పి, నిలువునా కూలిపోయింది. బల్ల అంచు తగిలి కనుబొమ్మ పగిలింది. వేడి ఇస్త్రీపెట్టె జారి దాని మొహానికి జానెడు దూరంలో పడుతుంటే, పెద్దమ్మ వట్టి చేత్తో దాన్ని అవతలికి తోసేసింది. మిషన్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. నేను పిల్లని పక్కకి తిప్పి, తల కింద చొక్కాల కట్ట పెట్టి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. ఆ నీలం చొక్కాల మీద రక్తం నల్లగా కనిపించింది.

అన్న పరుగెత్తుకొచ్చాడు. జేబులో ఉన్న డబ్బంతా తీసి నా ఒళ్లో పడేశాడు. "ఇవాళే కొందామనుకున్నాను, ఒట్టు," అన్నాడు. అది నిజమే అయుంటుంది. కానీ నాకు ఆ క్షణం ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది. ఆయన్ని నమ్ముకుని కూర్చున్న నన్ను చూసుకుంటే అంతకంటే అసహ్యం వేసింది. ఆ డబ్బు కనుబొమ్మకి కుట్లు వేయించడానికే సరిపోయింది.

సాయంత్రం, కుట్లు వేయించి తెచ్చాక, అది షెడ్డు స్టోరు గదిలో పడుకుని ఉంటే పెద్దమ్మ పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. కాలిన అరచేతికి తడిగుడ్డ చుట్టుకుంది.

"ఆసుపత్రిలో మందు రాయించుకో పెద్దమ్మా," అన్నాను.

"రాయించుకుంటే సరిపోయిందా, కొనద్దూ? నా ముసలి భత్యం ఆగిపోయి మూడు నెలలైందిలే."

విసురుతున్న చెయ్యి పట్టుకున్నాను. "ఆగిపోతే ఎందుకు అడగలేదు?"

"చచ్చిపోయానని రాసేసుకున్నారేమో అనుకున్నాను. అడగడానికి వెళ్తే బతికున్నట్టు కాగితం తెమ్మంటారు. ఎక్కడ తెచ్చేది? మనిషిని చూస్తే నమ్మరు కదా." నవ్వింది. "పొద్దునపూట తినడం మానేశాను. ఈ వయసులో అరగదు కూడా."

నేను నవ్వలేకపోయాను. పెద్దమ్మ మా పక్క పేట. ఆ పేట జాబితా మా కంటే ముందే కలిపి ఉంటారు. ఆమె బొటనవేలు సిరాలో ముంచింది ఎవరు? మూడు నెలలుగా ఆమె పస్తులుంటే, ఆ పస్తు పెట్టింది నేను. అక్కడే గోడకి ఆనుకుని ఆమెకి మొత్తం చెప్పాను. ఆమె అట్టముక్క పక్కన పెట్టింది. తరవాత, "అయితే నేను చచ్చిపోలేదన్నమాట," అంది.

ఎనిమిదో రోజు ఫారం నింపాను. వ్యాపారం ఎవరిది అన్న చోట అన్న పేరు రాశాను. రాస్తుంటే పెన్ను రెండుసార్లు ఆగింది. తెలిసే సంతకం పెట్టారా అన్న చోట, అవును అని రాశాను. మాత్రల డబ్బా అడుగునుంచి ఆ బిల్లు తీసి జత చేశాను. కళ్లద్దాలావిడ బిల్లు చూసి, "ఇన్నాళ్లూ దాచుకున్నారా?" అంది ఆశ్చర్యంగా. సాక్ష్యం కోసం దాచానని అనుకుందేమో. పోనీలే అని ఊరుకున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రానికి అన్నకి కబురు తెలిసిపోయింది. పదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి నా మిషను మీద ఒక సంచీ ఉంది. అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"ఏడాదికి సరిపడా మాత్రలు. ఒక్కటి తక్కువ కాకుండా లెక్కపెట్టి తెచ్చాను," అన్నాడు. "పదింటికి తనిఖీకి ఆఫీసరమ్మ వస్తుంది. 'కంపెనీ నాదే, కోపంలో అలా రాశాను' అని ఒక్క మాట అను చాలు. నిన్ను బెదిరించడం లేదు. బతిమాలుతున్నాను."

సంచీ తెరిచి చూశాను. అట్టలు అట్టలుగా, మెరుస్తూ ఉన్నాయి. నా జన్మలో ఒకేసారి అన్ని మాత్రలు చూడలేదు. ఏడాది! ఏడాది పాటు క్యూ లేదు, ఎర్ర అక్షరాలు లేవు, డబ్బా తీసి లెక్కపెట్టుకునే పని లేదు. ఒక్క మాట అంటే సరిపోయే పని. షెడ్డులో ఎవరూ మిషను తొక్కడం లేదు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది. పదకొండు జతల కళ్లు నా వీపు మీదే ఉన్నాయని తిరక్కుండానే తెలుస్తోంది.

ఓవర్‌లాక్ వచ్చి నా భుజం పట్టుకుంది. "నాకు ముగ్గురు పిల్లలు. తెలుసు కదా నీకు. ఆ సంచీ తీసుకో. అందరం బతుకుతాం."

"పెద్దమ్మ?"

"పెద్దమ్మకి అందరం తలా ఇంత వేద్దాం."

అన్న "నేనూ ఇస్తాను" అన్నాడు వెంటనే. పెద్దమ్మ కట్టు కట్టిన చేత్తో ఒక చొక్కా కాలరు మడతపెడుతోంది.

ఆఫీసరమ్మ పదింటికే వచ్చింది. సన్నగా, చిన్న వయసు మనిషి. భుజాన సంచీ, చేతిలో నా బిల్లు. నేరుగా నా పేరు చదివింది. నేను లేచి నిలబడ్డాను.

"ఈ కంపెనీ మీదేనా?"

అన్న నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు. అన్న మంచివాడే. శ్మశానం ఖర్చు మర్చిపోలేదు. కానీ ఇవాళ సంచీ తీసుకుంటే, వచ్చే ఏడాది ఇదే రోజు మళ్లీ ఆయన చెయ్యి వైపు చూడాలి. ఆ చెయ్యి అడిగితే సాయంత్రం అంటుంది, మర్నాడు రేపు అంటుంది. పిల్ల పడిపోయాక జేబు తడుముకుంటుంది. పెద్దమ్మకి ఒక నెల అందరూ వేస్తారు, రెండో నెల సగం మంది వేస్తారు. కార్డు నాది. ఆ కిటికీ దగ్గర నేను ఎవరినీ బతిమాలక్కర్లేదు.

"ఇక్కడ నాది ఈ కుర్చీ కూడా కాదమ్మా," అన్నాను. "కాజాకి ఇంత అని కూలి. అంతే నాది."

"అయితే సంతకం ఎందుకు పెట్టారు?"

"పెట్టమన్నారు. గొప్పగా అనిపించింది, పెట్టాను."

ఆవిడ రాసుకుంది. "మీకు కూడా నోటీసు రావచ్చు, తెలుసా?" అంది. తెలుసన్నాను. అప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "నా పేరున కూడా ఒకటుందంట. చూడు తల్లీ, ఇస్త్రీపెట్టె నాదో కాదో."

అన్న అరవలేదు. "ఇన్నేళ్లు అన్నం పెట్టాను కదే," అన్నాడు అంతే. ఆ మాటకి జవాబు నా దగ్గర ఉంది. ఇన్నేళ్లు నేను కాజాలు తీశాను. కానీ ఆ మొహం చూసి అనలేకపోయాను. మధ్యాహ్నానికల్లా లెక్కలు తేలేదాకా అని షెడ్డుకి సీలు వేసేశారు. అందర్నీ బయటికి పంపే హడావిడిలో ఆ సంచీ ఎవరూ తియ్యలేదు. ఏడాది మాత్రలు ఇప్పటికీ లోపల నా మిషను మీదే ఉన్నాయి.

వీధిలో ఓవర్‌లాక్ నా ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "మా అందరి పొట్ట కొట్టావు," అని పక్కనుంచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆ మాట కూడా అనలేదు.

తనిఖీ అయ్యాక మూడు రోజుల్లో కార్డు తెరుచుకుంటుందని చెప్పారు. ఆ మూడు రోజులూ మా గుమ్మం ముందునుంచి ఎవరూ నడవలేదు. కుళాయి దగ్గర నా బిందె వంతు వచ్చినప్పుడు మాటలు ఆగిపోయేవి. ఆడపడుచు మాత్రం, "వదినా, నా మూలంగానే కదా," అని గంటకోసారి అని నన్ను చంపుకుతింది. నువ్వు కుట్టిన గుండీ ఊడిపోతే కదా నీ మూలంగా అనేది, నోర్ముయ్ అన్నాను.

పదమూడో రోజు డబ్బాలో ఒక్క మాత్ర, ఆ సాయంత్రానిది, మిగిలి ఉండగా సంక్షేమ ఆఫీసుకి వెళ్లాం. పెద్దమ్మ కూడా వచ్చింది. ముందు ఆమె కార్డు తెరిచారు. ఆగిన మూడు నెలల భత్యం మాత్రం రాదట. తరవాత నా వంతు.

"వృత్తి?" అని అడిగింది కళ్లద్దాలావిడ.

"కాజాలు తీస్తాను."

"ఎక్కడ?"

"మొన్నటిదాకా షెడ్డులో. ఇప్పుడది మూసేశారు."

"అంటే ప్రస్తుతం పని లేదు. నెల ఆదాయం?"

"లేదు."

ఆవిడ మొహం విప్పారింది. నిజంగా నాకోసం సంతోషపడింది, పాపం. "అయితే ఇక అడ్డేమీ లేదమ్మా. ఇప్పుడు మీరు పూర్తిగా అర్హులు," అంది. ఎర్ర అక్షరాలు ఆకుపచ్చగా మారాయి. పక్కనే పెద్దమ్మ, "చూశావా, పని పోగానే ఎంత మర్యాదో," అంది. నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, అక్కడే, ఆ బడిపిల్లల బొమ్మ కింద.

ఆసుపత్రి కిటికీలో అరవై మాత్రలు లెక్కపెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఓవర్‌లాక్ నిలబడి ఉంది. ఆమె వెనక మా షెడ్డు వాళ్లు తొమ్మిది మంది. ఆడపడుచు భయపడి నా చెయ్యి పట్టుకుంది. వీధి మధ్యలోనే ఆగిపోయాను.

"మా పొట్ట కొట్టావు," అంది ఓవర్‌లాక్.

"కొట్టాను."

"మాత్రలొచ్చాయా?"

"వచ్చాయి."

ఆమె జాకెట్లోంచి మడతపెట్టిన కాగితం తీసింది. పేదల కార్డు దరఖాస్తు. మిగతావాళ్ల చేతుల్లోనూ అవే. "ఇది నింపడం వచ్చా నీకు?"

"వచ్చు."

"అయితే తలుపు తియ్యి."

పది మందీ లోపలికొచ్చి, ఉన్న ఒక్క గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరూ నా మొహం చూడలేదు, నేనిచ్చిన నీళ్లు మాత్రం తాగారు. మొదటి ఫారం ఓవర్‌లాక్‌ది. పేరు రాశాను, పిల్లల పేర్లు రాశాను. వృత్తి అన్న చోటికి వచ్చి, పని లేదు అని రాయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అలా రాయకు. ఓవర్‌లాక్ అని రాయి. పందొమ్మిదేళ్లు చేశాను."

"అలా రాస్తే పని ఉందనుకుంటారు, కార్డు ఇప్పట్లో రాదే."

ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆడపడుచు సాయంత్రం మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఓవర్‌లాక్ చెయ్యి తీసేసి, గోడ వైపు తిరిగింది.

"సరే. నీకెలా రాశారో అలాగే రాయి," అంది.

పది ఫారాల్లోనూ అలాగే రాశాను.